వెన్నుపాముకి కరెంటు ఇస్తే నడక తిరిగొస్తుందా?

ఏడాదికి ఒకటి రెండుసార్లయినా మన ఫోన్లలో ఓ వీడియో తిరుగుతుంది. ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడిపోయిన మనిషి, ఏళ్ల తర్వాత వాకర్ పట్టుకుని అడుగులు వేస్తుంటాడు. దానిపైన "పక్షవాతానికి మందు దొరికింది", "వీపులో చిప్ పెట్టి నడిపించారు" లాంటి మాటలుంటాయి. ఇంట్లో అలాంటి మనిషి ఉన్నవాళ్లకి ఆ వీడియోని పదిమంది పంపుతారు. ప్రేమతోనే పంపుతారు. కానీ దాన్ని చూశాక ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. మావాడికి ఇది పనిచేస్తుందా, ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, పొలం అమ్మితే సరిపోతుందా అని ఒకటే ఆలోచన.

వీడియో అబద్ధం కాదు. అందులో మనిషి నిజంగానే నడుస్తున్నాడు. పైన రాసిన మాటలే తప్పు. వెన్నుపాము మీద ఆపరేషన్ చేసి అమర్చిన చిన్న పరికరం, అంటే ఇంప్లాంట్, కరెంటు ఇస్తుంది. కానీ ఆ కరెంటు అతన్ని నడిపించడం లేదు. నడిపిస్తున్నది అతని సొంత వెన్నుపాము, దానికి తోడు నెలల తరబడి అతను చేసిన సాధన. కరెంటు చేసేది ఆ రెండింటికీ వీలు కల్పించడం. ఈ ఒక్క తేడా అర్థమైతే, ఈ చికిత్స ఎవరికి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ జాగ్రత్తపడాలో చాలావరకు తేలిపోతుంది.

ముందు దెబ్బ తగిలినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవుంటుంది. మెడ నుంచి మొదలై నడుం పైభాగంలోనే, మొదటి రెండు నడుం పూసల దగ్గర, ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందకి నరాలే వెళ్తాయి. కాళ్లని ఆడించే నాడీకణాలు దాని చివరి భాగంలో, పక్కటెముకలు అయిపోయే చోట ఉన్న పూసల లోపల, గుంపుగా ఉంటాయి. చెట్టు మీంచి పడ్డా, బండి మీంచి పడ్డా ఎక్కువగా దెబ్బతినేది దీనికి పైన, మెడ దగ్గరో వీపు దగ్గరో. అంటే మెదడు నుంచి వచ్చే దారి తెగుతుంది కానీ, కాళ్లని ఆడించే కణాలు అలాగే బతికుంటాయి. కాళ్ల కండరాలకి, వాటికీ మధ్య ఉన్న నరాలు కూడా బాగానే ఉంటాయి. చచ్చుబడిన కాళ్లు ఒక్కోసారి వాటంతట అవే బిగుసుకుని ఎగిరిపడటానికి కారణం ఇదే. దెబ్బ తగిలిన చోటుకి కింద వెన్నుపాము పనిచేస్తూనే ఉంది, దానికి ఆదేశాలు అందడం లేదంతే.

ఇంకో విషయం ఉంది, దీన్ని వైద్యులు కూడా చాలా ఏళ్లు తక్కువగా అంచనా వేశారు. "వెన్నుపాము తెగిపోయింది" అని మనం అంటాం కానీ, కత్తితో కోసినట్టు పూర్తిగా తెగడం అరుదు. ఎక్కువగా అది నలిగిపోతుంది. నలిగిన చోట అంచుల్లో కొన్ని నరాల తంతువులు మిగిలిపోవచ్చు. అవి కాలిని కదిలించడానికి సరిపోవు, పరీక్షలో బయటపడవు. కాబట్టి డాక్టరు "పూర్తి గాయం" అని రాస్తారు. స్పర్శ గానీ కదలిక గానీ ఏమాత్రం లేకపోతే 'ఏ' (A) గ్రేడు, స్పర్శ ఉండి కదలిక లేకపోతే 'బీ' (B) గ్రేడు. ఆ గ్రేడు మంచం దగ్గర చేసిన పరీక్ష ఫలితాన్ని చెబుతుంది. లోపల ఎన్ని తంతువులు మిగిలాయో చెప్పదు.

నడక అనే పని మొత్తం మెదడే చేయిస్తుందని మనం అనుకుంటాం. అడుగు తీసి అడుగు వేసే లయలో చాలా భాగం వెన్నుపాములోనే తయారవుతుంది. 1911లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త థామస్ గ్రాహం బ్రౌన్, మెదడుతో సంబంధం తెంపేసిన పిల్లుల వెన్నుపాము కూడా కాలి కండరాలని వంతులవారీగా ఆడించగలదని చూపించాడు. మనుషుల్లో అలాంటిదేమైనా ఉందా అన్నది చాలాకాలం తేలలేదు. 1998లో మిలన్ దిమిత్రిజెవిచ్ బృందం, పూర్తి గాయమైనవాళ్లని పడుకోబెట్టి, వెన్నుపాము చివరి భాగానికి ఆగకుండా కరెంటు పల్స్‌లు, అంటే క్షణంలో వచ్చిపోయే చిన్న చిన్న విద్యుత్ తాకిళ్లు, ఇచ్చింది. పల్స్‌లలో ఎలాంటి లయా లేదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. కాళ్ల కండరాలు మాత్రం అడుగులు వేస్తున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి పనిచేశాయి. లయ పల్స్‌లో లేదు కాబట్టి అది వెన్నుపాములోంచే రావాలి.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరబడతారు. ఫిజియోథెరపీకి వెళ్లినవాళ్లకి "కరెంట్ పెట్టడం" తెలుసు. తొడ మీదో పిక్క మీదో ప్యాడ్‌లు అతికించి స్విచ్ వేస్తే కండరం ముడుచుకుంటుంది. అక్కడ కరెంటే కండరాన్ని లాగుతుంది, మనిషి ఏమీ చేయనక్కర్లేదు. ఈ పద్ధతితోనే మనుషుల్ని నడిపించే పరికరానికి 1994లోనే అమెరికాలో అనుమతి దొరికింది. అందులో చిక్కేమిటంటే, కండరాన్ని అలా బయటి నుంచి లాగితే చాలా తొందరగా అలిసిపోతుంది. కాసేపటికే కాళ్లు కూలబడతాయి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఇంప్లాంట్ పని వేరు. అది కండరాన్ని తాకదు, కండరాన్ని ఆడించే కణాల్ని కూడా నేరుగా తాకదు.

మరి ఎక్కడ తాకుతుంది? కాలి నుంచి వెన్నుపాముకి కబురు తెచ్చే నరాలు వెనకవైపు నుంచి లోపలికి వెళ్తాయి. మోకాలు ఎంత వంగింది, పాదం నేల మీద ఉందా గాలిలో ఉందా, కండరం ఎంత సాగింది అన్న సమాచారం వాటిలో వస్తుంది. ఆ నరాల్లో లావుపాటి తంతువులు తక్కువ కరెంటుకే స్పందిస్తాయి. వెన్నుపాముని కప్పి ఉండే పొర మీద, వెనకవైపు, 16 ఎలక్ట్రోడ్‌లున్న మెత్తటి పలుచటి పట్టీని పెడితే, దాని కరెంటు ముందుగా ఈ తంతువుల్లోకే వెళ్తుంది. అక్కడి నుంచి మామూలు దారిలోనే లోపలి కణాలకి చేరుతుంది. వెన్నుపాముకి అది కాలి నుంచి వచ్చిన కబురులాగే అందుతుంది. ఈ పరికరాలు కొత్తవి కావు. 1967లో నార్మన్ షీలీ అనే అమెరికా న్యూరోసర్జన్ నొప్పి తగ్గించడానికి వెన్నుపాము మీద ఎలక్ట్రోడ్ పెట్టాడు. ఇవాళ నడక కోసం వాడినవాటిలో చాలా భాగం నొప్పి కోసం తయారైన పరికరాలే.

ఆపరేషన్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. రోగిని బోర్లా పడుకోబెట్టి, పక్కటెముకల కింది పూసల దగ్గర కొంచెం ఎముక తీసి, ఆ సందులోంచి పట్టీని పైకి జరుపుతారు. తొడలకి, పిక్కలకి, పాదాలకి సూదుల్లాంటి ఎలక్ట్రోడ్‌లు గుచ్చి ఉంటాయి. సర్జన్ ఒక్కో పల్స్ ఇస్తుంటే పక్కన స్క్రీన్ మీద ఏ కండరం కదిలిందో గీతల్లో కనిపిస్తుంది. ఎడమ వైపు పల్స్ ఇస్తే ఎడమ తొడ ముందుభాగం స్పందించాలి, కుడి వైపు ఇస్తే కుడిది. ఒకవైపే ఎక్కువ వస్తుంటే పట్టీ పక్కకి జరిగిందని అర్థం. మిల్లీమీటర్ల లెక్కన సర్ది మళ్లీ చూస్తారు. ఇద్దరు మనుషుల వెన్నుపాములు ఒకే కొలతలో ఉండవు కాబట్టి ప్రతి ఒక్కరికీ ఇది మొదటి నుంచీ చేయాల్సిందే. పొట్ట దగ్గర చర్మం కింద బ్యాటరీ, పల్స్ పుట్టించే యంత్రం పెడతారు. గుండెకి పెట్టే పేస్‌మేకర్ చూసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు.

అసలు మలుపు 2011లో వచ్చింది. అమెరికాలోని లూయీవిల్ విశ్వవిద్యాలయంలో సూసన్ హార్కెమా, లాస్ ఏంజెలెస్‌లో రెగీ ఎడ్గర్టన్ కలిసి చేసిన పని అది. రాబ్ సమర్స్ అనే యువ బేస్‌బాల్ ఆటగాడిని 2006లో కారు గుద్దింది. కాళ్లు పూర్తిగా పడిపోయాయి. ఇంప్లాంట్ పెట్టడానికి ముందు అతనికి 26 నెలల పాటు 170 సార్లు ట్రెడ్‌మిల్ మీద నడక సాధన చేయించారు. ఏ మార్పూ రాలేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే తర్వాత వచ్చిన మార్పు సాధన ఒక్కదానివల్ల వచ్చింది కాదని దీంతో తేలింది. ఇంప్లాంట్ పెట్టి సెకనుకి 15 పల్స్‌ల చొప్పున ఇస్తే అతను తన బరువు తానే మోస్తూ నిలబడ్డాడు. అడుగుల్లాంటి కదలికకి 30 నుంచి 40 పల్స్‌లు కావాల్సి వచ్చింది. పరిశోధకులు ఇంతవరకు ఊహించారు.

ఊహించనిది ఏడు నెలల తర్వాత జరిగింది. కరెంటు ఆన్‌లో ఉన్నప్పుడు, బొటనవేలు కదుపు అంటే అతను కదిపాడు. చీలమండ వంచమంటే వంచాడు. పూర్తిగా పోయిందనుకున్న దారిలోంచి మెదడు మాట కిందకి చేరింది. ఒక్కరి విషయంలో జరిగింది అదృష్టం కావచ్చు అనుకున్నారు. 2014లో మరో ముగ్గురి ఫలితాలు కలిపి ప్రకటించారు. నలుగురూ కరెంటు ఉన్నంతసేపు కాళ్లని తమ ఇష్టప్రకారం కదిపారు.

ఎలా సాధ్యం? గుమ్మం బయట నిలబడి ఒకరు మెల్లగా పిలుస్తున్నారనుకోండి. లోపల అందరూ గాఢనిద్రలో ఉంటే ఆ పిలుపు ఎవరికీ వినపడదు. నిద్ర కాస్త తేలికపడితే అదే గొంతుకి లేచి తలుపు తీస్తారు. గాయం అంచుల్లో మిగిలిన ఆ కొద్ది తంతువులు తెచ్చేది అలాంటి మెల్లని పిలుపు. పైనుంచి రోజంతా వచ్చే ప్రేరణ ఆగిపోయాక కింది కణాలు ఆ కాస్త పిలుపుకి స్పందించే స్థితిలో ఉండవు. కరెంటు వాటిని ఆ స్థితికి దగ్గరగా తెస్తుంది, కానీ అడుగు వేయమని చెప్పదు. ఆ మాట మెదడే చెప్పాలి, లేదా ట్రెడ్‌మిల్ మీద కదులుతున్న పాదం చెప్పాలి.

2018 సెప్టెంబరులో లూయీవిల్ బృందం నలుగురి ఫలితాలు ప్రకటించింది. ఇద్దరు ట్రెడ్‌మిల్ దిగి, సాయం పట్టుకుని నేల మీద నడిచారు. ఒకరికి అందుకు 85 వారాల్లో 278 సెషన్లు పట్టాయి. ఇంకొకరికి 15 వారాల్లో 81 సెషన్లు. నడిచిన ఇద్దరూ బీ గ్రేడు వాళ్లు, స్పర్శ కొంత మిగిలినవాళ్లు. 'ఏ' (A) గ్రేడు వాళ్లిద్దరూ నిలబడగలిగారు, నడుం నిలుపుకుని కూర్చోగలిగారు, నడవలేకపోయారు. నలుగురిలో ఒకరికి సాధన చేస్తుండగా తుంటి ఎముక విరిగింది. ఏళ్ల తరబడి బరువు పడని ఎముకలు గుల్లబారి ఉంటాయి మరి. అదే నెలలో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి తమ రోగి 43 వారాల సాధన తర్వాత ఒక విడతలో 102 మీటర్లు నడిచాడని ప్రకటించింది. వీడియోలో ముప్పై సెకన్లు కనిపించే నడక వెనక ఇంత పని ఉంది. ఒక్కో సెషన్‌లో ఒక్కో కాలి దగ్గర ఒక థెరపిస్టు కూర్చుని మోకాలు పట్టి నడిపిస్తుంటే, ఇంకొకరు వెనక నుంచి నడుం పట్టుకుంటారు.

ఇదే కరెంటుతో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఫలితం చాలా తొందరగా వచ్చింది. మరి మనుషుల్లో ఇంత కష్టంగా ఎందుకు వస్తోంది? ఈ చిక్కుముడి విప్పింది స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందం. అక్కడి ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో నాడీ శాస్త్రవేత్త గ్రెగ్వార్ కుర్టీన్, పక్కనే విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో న్యూరోసర్జన్ జోస్లిన్ బ్లోక్. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది వాళ్లు కనిపెట్టిన కారణమే.

ఇందాక చెప్పిన లావుపాటి తంతువులు కాలి నుంచి వెన్నుపాముకి కబురు తెస్తాయి కదా. వాటిలోకి మధ్యలో కరెంటు పల్స్ పంపితే అది రెండు వైపులా పోతుంది. ఒకటి వెన్నుపాములోకి, ఇంకొకటి వెనక్కి తిరిగి కాలి వైపు. కాలి నుంచి వస్తున్న అసలు కబురు, వెనక్కి పోతున్న ఈ పల్స్ దారిలో ఎదురైతే రెండూ అక్కడే చచ్చిపోతాయి. ఎలుక కాలు చిన్నది, కబురు క్షణంలో చేరిపోతుంది, ఢీకొనే అవకాశం తక్కువ. మనిషి కాలు పొడవు, కబురు దారిలో ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఆగకుండా పల్స్‌లు పంపుతుంటే చాలా కబుర్లు చేరకముందే రద్దవుతాయి. దీన్ని మనుషుల్లోనే పరీక్షించి చూశారు. కాలి కదలిక కొంతైనా తెలుస్తున్నవాళ్లకి కరెంటు గట్టిగా ఆగకుండా ఇస్తే, కాలు ఎప్పుడు కదిలిందో వాళ్లకి తెలియకుండా పోయింది. నడకకి సాయం చేయాలని ఇస్తున్న కరెంటే, నడకకి అన్నిటికన్నా అవసరమైన సమాచారాన్ని ఆపేస్తోందన్నమాట.

కారణం తెలిశాక దారి కూడా కనిపించింది. కరెంటు ఆగకుండా ఇవ్వకూడదు. ఏ క్షణానికి ఏ కండరాలు కావాలో, ఆ కండరాలకి సంబంధించిన నరాల మూలం దగ్గర, ఆ క్షణానికే ఇవ్వాలి. కాలు ముందుకి లేపాలంటే తుంటిని వంచే కండరాల వైపు, నేలని తన్ని ముందుకి కదలాలంటే పిక్క కండరాల వైపు. ఎడమ కాలికి, కుడి కాలికి వంతులవారీగా. ఈ పద్ధతిలో 2018 చివర్లో ప్రకటించిన మొదటి ముగ్గురూ వారం లోపే, ఒంటి బరువుని పైనుంచి మోసే బెల్టుల ఆసరాతో, నేల మీద అడుగులు వేశారు. నెలల సాధన తర్వాత కరెంటు ఆపినా కొన్ని కదలికలు వాళ్ల అదుపులోనే ఉన్నాయి. ఆ ముగ్గురికీ గాయం తర్వాత కొంత స్పర్శ గానీ కదలిక గానీ మిగిలే ఉందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాత పట్టీనే మార్చారు. నొప్పి కోసం చేసిన పట్టీ పొట్టిది, నడుం కండరాలకి, కాళ్లకి వెళ్లే నరాల మూలాలన్నీ దాని కిందకి రావు. పొడవు, వెడల్పు పెంచి కొత్తది చేశారు. 29 నుంచి 41 ఏళ్ల మధ్య వయసున్న ముగ్గురు మగవాళ్లకి, ముగ్గురికీ పూర్తి పక్షవాతమే, దాన్ని అమర్చారు. కరెంటు ఆన్ చేసిన మొదటి రోజే నిలబడటం, అడుగులు వేయడం, పెడల్ తొక్కడం, నీళ్లలో కాళ్లు ఆడించడం చేయించగలిగారు. ఈ ఫలితాలు 2022 ఫిబ్రవరిలో వచ్చాయి. ఆ మొదటి రోజు అడుగులు చూడటానికి అందంగా ఏమీ లేవు. చక్కగా నడవడానికి మళ్లీ నెలలు పట్టింది. ఏ పని కావాలో టాబ్లెట్ మీద నొక్కి ఎంచుకోవాలి, అడుగు తీయాల్సినప్పుడు వాకర్‌కి ఉన్న బటన్ నొక్కాలి. అయినా "పూర్తి గాయం" అన్నవాళ్లకి అది చిన్న విషయం కాదు.

ఆ బటన్‌ని తీసేసే ప్రయత్నమే 2023 మేలో వచ్చిన వార్త. గెర్ట్-యాన్ ఓస్కాం అనే డచ్ వ్యక్తికి 2011లో చైనాలో సైకిల్ మీద వెళ్తుండగా ప్రమాదం జరిగింది. అప్పటికే వెన్నుపాము ఇంప్లాంట్‌తో కొంత నడుస్తున్నాడు, కానీ దాని లయకి తాను నడవాల్సి వచ్చేది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో తయారైన రెండు పరికరాలు, ఒక్కోదానిలో 64 ఎలక్ట్రోడ్‌లు, అతని తలలో మెదడు పొర మీద పెట్టారు. కాలు లేపాలని అతను అనుకోగానే అక్కడ పుట్టే విద్యుత్ సంకేతాన్ని కంప్యూటర్ చదివి, వెన్నుపాము మీది పట్టీకి చెబుతుంది. సర్దడానికి నిమిషాలే పట్టింది, ఏడాదికి పైగా నిలకడగా పనిచేసింది. ఎత్తుపల్లాల్లో నడిచాడు, మెట్లెక్కాడు. ఇంట్లో ఏదో రంగు వేయాల్సి వస్తే, సాయానికి ఎవరూ లేకపోతే, వాకర్ పట్టుకుని నిలబడి తనే వేసుకున్నానని విలేకరులతో చెప్పాడు. నా దృష్టిలో ఆ ప్రెస్‌మీట్‌లో వచ్చిన పెద్ద వార్త ఆ రంగు డబ్బాయే. ఇన్‌ఫెక్షన్ వచ్చి తలలోని రెండు పరికరాల్లో ఒకదాన్ని తీసేయాల్సి వచ్చిన సంగతి మాత్రం మన ఫోన్లకి వచ్చిన వీడియోల్లో లేదు.

కరెంటు ఆపేశాక కూడా ఓస్కాం చేతికర్రల సాయంతో కొంత నడవగలిగాడు. ఇది ఒక్కడి విషయమే కాదు. 2022 నవంబరులో తొమ్మిది మంది ఫలితాలు వచ్చాయి. అయిదు నెలల సాధన తర్వాత వాళ్లలో నలుగురికి కరెంటు లేకుండా కూడా మెరుగుదల నిలిచింది. అంటే లోపల ఏదో మారుతోంది. వింత ఏమిటంటే, సాధన తర్వాత వీళ్ల వెన్నుపాము నడిచేటప్పుడు ముందుకన్నా తక్కువ చురుగ్గా కనిపించింది. మామూలుగా నేర్చుకున్న పని చేసేటప్పుడు మెదడులో జరిగేది కూడా అదే, అనవసరమైన కణాలు తప్పుకుంటాయి. ఎలుకల్లో వెతికి, ఈ మార్పుకి మూలమైన ఒక రకం కణాల్ని గుర్తించారు. వాటిని ఆపేస్తే గాయమైన ఎలుకల్లో నడక తిరిగి రాలేదు. గాయం లేని ఎలుకల నడకకి మాత్రం వాటిని ఆపినా ఏమీ కాలేదు. మామూలు నడకకి అక్కర్లేని కణాలు, పోయిన నడకని తిరిగి తెచ్చుకోవడానికి తప్పనిసరి అవుతున్నాయి.

ఇప్పుడు నేరుగా చెప్పాల్సిన మాటలు చెప్తాను. ఇంతవరకు ఈ ఇంప్లాంట్‌తో నడిచినవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్లు కోటిన్నర మందికి పైగా ఉన్నారు. నడిచినవాళ్లంతా ఎంపిక చేసినవాళ్లు, ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లు, ఏళ్లపాటు సాధనకి సమయం, ఆసరా ఉన్నవాళ్లు. వాళ్ల నడక నెమ్మది, వాకర్ కావాలి, అలుపు వస్తుంది. రోజువారీ పనులకి వాళ్లలో చాలామంది వీల్‌చెయిరే వాడతారు. నడక కోసమని ఈ ఇంప్లాంట్‌ని మామూలు చికిత్సగా వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇంకా అనుమతి ఇవ్వలేదు.

ఇంకో ప్రశ్న మనం అడగనే అడగం. వాళ్లకి ఏం కావాలి? 2004లో కిమ్ ఆండర్సన్ అనే పరిశోధకురాలు వెన్నుపాము గాయమైన 681 మందిని ఇదే అడిగింది. ఆమెకీ అదే గాయం ఉంది. చేతులూ కాళ్లూ పడిపోయినవాళ్లు మొదట కోరుకున్నది చేతులు. కాళ్లు మాత్రమే పడిపోయినవాళ్లు మొదట చెప్పింది దాంపత్య జీవితం. మూత్రం, మలం మీద అదుపు ఇద్దరికీ ముఖ్యమే. నడక మొదటి స్థానంలో లేదు. నడకని మొదట పెట్టేది చుట్టూ ఉన్న మనం. సంచిలోకి కారే మూత్రం, ప్యాంటు తడుస్తుందేమోనన్న టెన్షన్‌తో పెళ్లికి వెళ్లలేకపోవడం, లేచి కూర్చోగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం, ఇవన్నీ ఫొటోలో కనిపించవు.

మంచి విషయం ఏమిటంటే, ఇదే కరెంటు ఆ పనులకి కూడా ఉపయోగపడుతోంది, బహుశా నడక కంటే ముందే అందుబాటులోకి రావచ్చు కూడా. మెడ దగ్గర గాయమైనవాళ్లలో రక్తనాళాల్ని బిగించే ఆదేశాలు ఆగిపోయి బీపీ నిలవదు. వెన్నుపాము మీది పట్టీ నుంచి కరెంటిచ్చి బీపీని నిలపవచ్చని లూయీవిల్, లోజాన్ బృందాలు రెండూ చూపించాయి. చేతుల విషయంలో ఇంకో అడుగు ముందుకి పడింది. ఆపరేషన్ లేకుండా మెడ వెనక చర్మం మీద ప్యాడ్‌లు పెట్టి కరెంటిచ్చే పరికరాన్ని 60 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2024లో వచ్చాయి. 72 శాతం మందిలో చేతి బలం, చేతి పని రెండూ మెరుగయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. "పూర్తి గాయం" కానివాళ్లకి, అదీ చేతుల కోసమే. గ్లాసు పట్టుకోగలగడం, ఫోన్ నొక్కగలగడం, చొక్కా గుండీ పెట్టుకోగలగడం ఎవరి మీదా ఆధారపడని జీవితంలో పెద్ద భాగం.

మన దగ్గర సంగతి కొస్తే, భారతదేశంలో ఈ గాయాలకి పెద్ద కారణం ఎత్తు నుంచి పడిపోవడం, తర్వాత రోడ్డు ప్రమాదాలు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు, కట్టడాల దగ్గర సెంట్రింగ్ పని చేసేవాళ్లు, పిట్టగోడ లేని డాబాల మీద పడుకునేవాళ్లు. అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులో ఉన్న మగవాళ్లే ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీంచి జారినా మనిషి కింద పడకుండా ఆపే బెల్టు, ఏ ఇంప్లాంట్ కన్నా ఎక్కువ వెన్నుపాముల్ని కాపాడుతుంది. పడిన మనిషిని నలుగురు చేతులూ కాళ్లూ పట్టుకుని ఆటోలో వంచి కూర్చోబెట్టకుండా, చెక్క మీద తిన్నగా పడుకోబెట్టి, మెడ కదలకుండా తీసుకెళ్లడం కూడా అంతే. నలిగిన చోట మిగిలిన ఆ కొద్ది తంతువులు ఆ ప్రయాణంలోనే తెగిపోవచ్చు.

ఇప్పటికే గాయమైనవాళ్ల ఇంట్లో చేయాల్సింది కూడా ఈ పరిశోధనతో ముడిపడే ఉంది. ఏ ట్రయల్‌లో, అంటే కొత్త చికిత్సని మనుషుల మీద పరీక్షించే పరిశోధనలో, చేర్చుకోవాలన్నా డాక్టర్లు మొదట చూసేవి ఒంటి మీద పడక పుండ్లు ఉన్నాయా, కీళ్లు బిగుసుకుపోయాయా, ఎముకలు ఎలా ఉన్నాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నవే. మోకాలు వంగిన చోట బిగుసుకుపోతే, ఎంత మంచి పట్టీ పెట్టినా ఆ కాలు నిలబడదు. మంచంలో ఉన్నప్పుడు రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, రోజూ కీళ్లు ఆడించడం, డాక్టరు సలహాతో ఆసరా పెట్టి నిలబెట్టడం, శుభ్రంగా వేళకి కెథెటర్ (సన్నటి గొట్టం) వేసి మూత్రం తీయడం ఇవాళ ప్రాణాన్ని కాపాడేవి, రేపటి చికిత్సకి శరీరాన్ని సిద్ధంగా ఉంచేవి కూడా. ఇది నేర్పే పునరావాస విభాగాలు వెల్లూరు సీఎంసీలో, ఢిల్లీలోని ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌లో ఏళ్లుగా ఉన్నాయి.

ఇక డబ్బు కట్టించుకుని ఈ ఇంప్లాంట్ పెడతామనే ప్రైవేటు క్లినిక్‌లు కొన్ని దేశాల్లో ఉన్నాయి. కొన్నిచోట్ల స్టెమ్ సెల్స్ (మూలకణాల) ఇంజెక్షన్ కూడా కలిపి ప్యాకేజీగా అమ్ముతారు. అలాంటిచోటు నుంచి పిలుపొస్తే అడగాల్సినవి ఉన్నాయి. ఇంతవరకు ఎంతమందికి పెట్టారు, వాళ్లలో నడిచినవాళ్లు కరెంటు ఆపాక కూడా నడుస్తున్నారా, ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలల సాధన ఇస్తారు, ఆ తర్వాత పల్స్ సెట్టింగులు మార్చాల్సి వస్తే మన ఊళ్లో ఎవరు మారుస్తారు, పట్టీ జరిగినా ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఖర్చు ఎవరిది. వీటన్నిటికీ కాగితం మీద జవాబు కావాలి. భారతదేశంలో ట్రయల్ అని చెబితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మన దేశంలో కొత్త చికిత్స మీద జరిగే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలన్న నిబంధన 2009 నుంచీ ఉంది. ఆ రిజిస్ట్రీని ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎలాంటి గాయం ఉన్నవాళ్లని తీసుకోరు అన్నవి అందులో ఉంటాయి. నంబరు చెప్పకుండా అడ్వాన్స్ ఎంత కడతారని ముందు అడిగే చోట సంతకం పెట్టకండి, పొలం అసలే అమ్మకండి.